గాజు గ్లాసులో మజ్జిగ

ఆదివారం మధ్యాహ్నం మా వదిన చేసిన పనివల్ల ఇంట్లో నా పరువు సగం పోయింది. మిగతా సగం ఇక్కడ నేనే పోగొట్టుకుంటున్నాను.

ఫ్యాను బాగుచేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎండన పడి వచ్చినవాడికి కాస్త మజ్జిగ ఇవ్వాలి కదా. వంటింట్లో గ్లాసులన్నీ తోమడానికి పడి ఉన్నాయట. ఆవిడ హాల్లో అద్దాల బీరువా తెరిచి, నీలం చారలు మెలితిరిగిన గ్లాసొకటి తీసి, కడిగి, అల్లం కరివేపాకు దంచి వేసిన మజ్జిగ నిండా పోసి ఇచ్చింది. నేను గదిలోంచి వచ్చేసరికి అతను స్టూలెక్కి, ఒక చేత టెస్టరు, ఇంకో చేత ఆ గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"అయ్యో వదినా! అది కాదు!" అని అరిచాను.

"ఏం, అది గ్లాసు కాదా?" అంది.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు. వాడని వస్తువు చచ్చిన వస్తువుతో సమానం అని. రోకళ్ళనీ రాచ్చిప్పలనీ మరచెంబులనీ గోడకు తగిలించి లైట్లు వేసే హోటళ్ళ మీద ఎన్ని వారాలు విరుచుకుపడ్డానో లెక్కలేదు. అది చదివి, అటక మీది రాచ్చిప్ప దించి పులుసు పెట్టుకున్నామని ఉత్తరం రాసినవారున్నారు. వాళ్ళకి ఇప్పుడు మొహం ఎలా చూపించను?

ఆ గ్లాసు ఇస్తాంబుల్ నుంచి తెచ్చుకున్నది. మూడేళ్ళ కిందట వెళ్ళినప్పుడు అందరూ చూసేవి చూశాక, బోస్ఫరస్ జలసంధికి ఆసియా వైపు ఒడ్డున ఉన్న బెయ్‌కోజ్‌కి పోయాను. అక్కడ అబ్రహాం పాషా అనే పెద్దమనిషి తోటలో ఆయన గుర్రాల శాలలను బాగుచేసి, 2021లో గాజు, బిల్లూరు మ్యూజియం తెరిచారు. సుమారు 1,500 వస్తువులు. అందులో పొడుగు మెడల పన్నీటి బుడ్లున్నాయి. మన పెళ్ళిళ్ళలో చల్లే బుడ్డికి అన్నగారి లాంటివి, గాజువి. పన్నీరు లేదు, చల్లే చెయ్యి లేదు, పైన మరో గాజుపెట్టె. నాకు అక్కడే ఒళ్ళు మండడం మొదలైంది. బెయ్‌కోజ్‌లోనే పాషాబాహ్చె అనే చోట 1935లో పెట్టిన గాజు కార్ఖానా ఉండేదనీ, దాన్ని 2002లో మూసేశారనీ తెలిశాక ఇంకా మండింది. బట్టీ ఆరిన ఊళ్ళోనే మ్యూజియం వెలుస్తుందని నేను రాస్తే అతి అన్నారు కదా, ఇదిగో చూడండి అనుకున్నాను.

మాటలు మాత్రం పండగ చేశాయి. ఆ కార్ఖానా పెట్టిన కంపెనీ పేరు షిషెజామ్. షిషె మన సీసాయే. జామ్ అంటే తుర్కీలో గాజు, ఉర్దూ గజళ్ళలో పానపాత్ర. బిల్లూరు, అంటే స్ఫటికం, దానిదైతే పెద్ద ప్రయాణం. మన వైడూర్యం ప్రాకృతంలో వేళురియ అయి, గ్రీకులకు బెరిల్లోస్ అయి, అరబ్బుల నోట నలిగి తుర్కీ దాకా వెళ్ళిందని భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. బిల్లూరు పేరుతో మెరిసేది చాలావరకు నిజం స్ఫటికం కాదనుకోండి, సీసం కలిపిన గాజు. సీసాలో సీసం!

ఇక నా గ్లాసు జాతి పేరు చెష్మి బుల్‌బుల్. బుల్‌బుల్ పిట్ట కన్ను. హైదరాబాదులో కళ్ళజోడుని చష్మా అనేవాళ్ళెవరికీ అర్థం చెప్పక్కర్లేదు. మూడో సలీం సుల్తాను కాలంలో మెహ్మెద్ దెదె అనే మెవ్లెవీ దర్వేషు వెనిస్ వెళ్ళి గాజుపని నేర్చుకొచ్చి, బెయ్‌కోజ్‌లో బట్టీ పెట్టాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మెవ్లెవీలంటే గిరగిరా తిరిగే సూఫీలు. వాళ్ళలో ఒకడి చేతిలో చారలు గిరగిరా తిరిగిన గాజు పుట్టడం మరీ అతికినట్టుంది, కానీ వదులుకోబుద్ధి కాదు.

పని ఇలా ఉంటుంది. ముందు నీలం, పాలతెలుపు గాజు పుల్లలు చేసుకుని అచ్చు లోపల చుట్టూ నిలబెడతారు. ఊదుడు గొట్టం కొసన ఎర్రగా కాగిన గాజు ముద్దను అందులోకి దించి ఊదితే పుల్లలు దానికి అంటుకుంటాయి. పైన ఇంకో పొర గాజు. తర్వాత ముద్దను మెలిపెడుతూ సాగదీస్తే నిటారు చారలు మెలికలవుతాయి. దీనికి వీలు కల్పించేది గాజు గుణమే. మంచుగడ్డలా ఒక హద్దు దాటగానే నీరైపోదు. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం ఉంటాయి దానికి. అరిసెలు వండినవాళ్ళకి ఆ పనివాడి కంగారు తెలుస్తుంది.

నాకు తెలిసింది అరిసెల దగ్గర కాదు, బుడ్డిదీపం దగ్గర. మా ఊరికి మలారం భుజాన వేసుకుని గాజుల తాత వచ్చేవాడు. అరుగు మీద కూచుని, అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు దగ్గరకు నొక్కి, బొటనవేలి కీలు దగ్గర ఒక్క క్షణం ఆగి, గాజును అవతలికి జార్చేవాడు. అమ్మ ఆ క్షణంలో కళ్ళు మూసుకునేది. తొడిగేటప్పుడు చిట్లినదానికి తాత డబ్బు తీసుకునేవాడు కాదు. చిట్లింది అంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు, పెరిగింది అనాలి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. అలాగే ఇదీనూ.

పెరిగిన గాజులన్నీ అక్క సొత్తు. రాత్రి బుడ్డిదీపం మంట మీద ముక్కను పట్టుకుని, ఎర్రబడ్డాక రెండు కొసలూ వంచి, ఇంకో ముక్కను అందులో దూర్చి, గొలుసు అల్లేది. తొందరపడితే వంగదు, పెళుక్కున విరుగుతుంది. ఆలస్యం చేస్తే చప్పిడిదై మసిబారుతుంది. వేళ్ళు కాలితే చెవితమ్మె పట్టుకునేది. ఆకుపచ్చా ఎరుపూ కలిపి అయిదు మూరల గొలుసు చేసి దేవుడి గది గుమ్మానికి కట్టింది. ఎండాకాలం గాలికి అది చేసే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. బెయ్‌కోజ్ పెట్టెల ముందు నిలబడి నేను చూసింది అక్క వేళ్ళనే. మన భాషలో గాజు అంటే ఆ పదార్థమూ, చేతికి వేసుకునేదీ ఒకటే మరి.

ఆ గొలుసు ఏమైంది? ఇల్లు మారేటప్పుడు పాత సీసాల వాడికి పోయింది.

అంటే ఎక్కడో కరిగి ఇంకేదో అయి ఉంటుంది. గాజు పద్ధతే అది. పగిలిన గాజు కలిపితే బట్టీకి వేడి తక్కువ సరిపోతుంది, కట్టెలు మిగులుతాయి. అందుకే పెంకుకీ వెల ఉంటుంది. 1025 ప్రాంతంలో తుర్కీ దక్షిణ తీరాన సెర్చె లిమానీ అనే రేవులో ఒక ఓడ మునిగింది. అందులో మూడు టన్నుల గాజు. రెండు టన్నులు ముడిగాజు, ఒక టన్ను పగిలిన గిన్నెలూ గ్లాసులూ, అంతా మళ్ళీ కరిగించడానికే. 1977 నుంచి 1979 దాకా దాన్ని పైకి తీసి, లక్షల పెంకులను ఏళ్ళ తరబడి జత కలిపితే, వెయ్యేళ్ళ కిందటి పాత్రల రూపాలు వరసగా నిలబడ్డాయి. ఇప్పుడు బోద్రుమ్ కోటలోని మ్యూజియంలో ఉన్నాయి.

ఈ సంగతి నా పాత పాటకి అడ్డం తిరుగుతోంది. ఆ గ్లాసులు నా మాట వింటే, వాడకంలో పగిలి, బట్టీకి చేరి, పేరు లేకుండా పోయేవి. దారిలో ఓడ మునగబట్టి మిగిలాయి. మ్యూజియం కూడా మునిగిన ఓడ లాంటిదేనేమో, వస్తువుని దాని దారిన పోనివ్వకుండా ఆపుతుంది. రాచ్చిప్పకి నా మాట చెల్లుతుంది. అది పగలడానికి తరాలు పడుతుంది. గాజుకి చెల్లదు. పన్నీటి బుడ్ల ముందు నేను ఒళ్ళు మండించుకున్నది అనవసరం. అక్క గొలుసుని ఎవరైనా ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి.

ఎలక్ట్రీషియన్ గ్లాసు జాగ్రత్తగానే తిరిగిచ్చాడు. అడుగున కాస్త మజ్జిగ ఉంది. ఆ తెలుపులో పాలతెలుపు చారలు మాయమై నీలం చారలు మాత్రమే తేలుతున్నాయి. బీరువాలో అది ఎప్పుడూ అంత బాగా కనబడలేదు. అయినా కడిగి, తుడిచి, పై అరలో పెట్టి తాళం వేశాను.

"మళ్ళీ ఎవరైనా వస్తే?" అంది వదిన.

"స్టీలు గ్లాసులో ఇవ్వు."

"ఓహో, గ్లాసు కాని గ్లాసులో" అంటూ తోమాల్సిన గ్లాసులన్నీ నా ముందు పెట్టింది.