తీగ కనిపిస్తే ఏం?

పాత పిల్లల సీరియల్‌ని పెద్దయ్యాక మళ్ళీ చూసేవాళ్ళు రెండు రకాలు. నలుగురూ చేరి, ఇదిగో తీగ, అదిగో అట్టతో చేసిన మేడ అని వేళ్ళు చూపించి నవ్వుకునేవాళ్ళు ఒక రకం. ఆ తీగ ఎలా కట్టారు, ఆ మేడ ఎన్ని చేతుల మీదుగా లేచింది అని కళ్ళప్పగించి చూసేవాళ్ళు రెండో రకం. నాది రెండో జట్టు. ఈమధ్య ‘జెయింట్ రోబోట్’ ఎపిసోడ్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చూశాను. చిన్నప్పటి ఇష్టం అలాగే ఉంది. దాని పక్కన ఇప్పుడు గౌరవం కూడా వచ్చి కూర్చుంది.

1980ల్లో దూరదర్శన్ ముందు కూర్చుని పెరిగినవాళ్ళకి దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. చేతి గడియారాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఆజ్ఞలిచ్చే జానీ సొక్కో. ఈజిప్టు రాజుల తలపాగా లాంటి లోహపు కిరీటంతో, కదలని ముఖంతో నిలబడే రోబో. దాని వేళ్ళే క్షిపణులు, కళ్ళే ఆయుధాలు, వీపు మీద రాకెట్లు. భూమిని ఆక్రమించడానికి అంతరిక్షం నుంచి దిగి సముద్రం అడుగున దాక్కున్న గిలటిన్ చక్రవర్తి, అతని గార్గాయిల్ ముఠా. వాళ్ళతో తలపడే యూనికార్న్ దళం. ఆ రోజుల్లో మా వీధిలో ఆడుకున్న పిల్లలందరి మణికట్టుకీ గడియారం ఉండేది కాదు గానీ, ఉత్త మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని రోబోని పిలవని పిల్లాడు మాత్రం లేడు.

ఇది జపాన్‌లో పుట్టిన సీరియల్. కథ యొకొయామా మిత్సుతెరు బొమ్మల కథల్లోంచి వచ్చింది. తోయే సంస్థ తీసింది. 1967 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా మొత్తం 26 ఎపిసోడ్లు అక్కడ ప్రసారమయ్యాయి. 1969లో ఒక అమెరికన్ సంస్థ ఇంగ్లీషు డబ్బింగ్ చేసినప్పుడు దైసాకు అనే జపాన్ పిల్లాడు జానీ అయ్యాడు. మన ఇళ్ళకి వచ్చింది ఆ ఇంగ్లీషు రూపమే. మాటలు సగం అర్థంకాకపోయినా మాకు కథ మాత్రం ఒక్క వారం కూడా తప్పిపోలేదు. ఎవరు మంచివాళ్ళో, ఎవరికి ఆపద వచ్చిందో, జానీ ఎప్పుడు గడియారం ఎత్తుతాడో మాట రాకముందే తెలిసిపోయేది.

ఇప్పుడు చూస్తుంటే కంటికి ఆనేది పనితనం. పెద్ద వస్తువుని చిన్న బొమ్మతో చూపించాలంటే ఆకారం కుదరడం సగం పనే. కాలం కూడా కుదరాలి. కథ ప్రకారం ఆ రోబో ఎత్తు 30 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఒక రాయి జారవిడిస్తే నేలకి చేరడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. స్టూడియోలో రోబో తొడుగు వేసుకున్న మనిషి భుజం మీంచి, అంటే ఒకటిన్నర మీటర్ల నుంచి, అదే రాయి అర సెకనులో కింద పడుతుంది. ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే చూసేవాడి కన్ను ఇట్టే పట్టేస్తుంది, ఇది మనిషంత బొమ్మే అని. అందుకే కెమెరాని వేగంగా తిప్పి, తెర మీద మామూలు వేగంతో వేస్తారు. ఎత్తులో ఇరవై రెట్లు తేడా ఉంటే కెమెరా దాదాపు నాలుగున్నర రెట్లు వేగంగా తిరగాలి. సెకనుకి 24 ఫ్రేముల చోట నూరు పైచిలుకు. అప్పుడు గోడ తీరిగ్గా కూలుతుంది, కాలు బరువుగా పడుతుంది, కంటికి అది కొండంత కనిపిస్తుంది.

చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే ఒకదాని వెనక ఒకటి చిక్కులు. కెమెరా అంత వేగంగా తిరిగితే ఫిల్మూ అన్ని రెట్లు ఖర్చవుతుంది. ఒక్కో ఫ్రేముకి వెలుగు అందే సమయం తగ్గిపోతుంది కాబట్టి అన్ని రెట్లు ఎక్కువ దీపాలు కావాలి. అన్ని దీపాల కింద, గాలి ఆడని తొడుగులో ఒక మనిషి నిలబడాలి. ఈ పద్ధతికి దారి వేసిన 1954 నాటి ‘గాడ్జిల్లా’ సినిమాకి మొదట చేసిన తొడుగు బరువే దాదాపు 100 కిలోలు. అందులో నకజిమా హరువో అనే నటుడు నడిచాడు. తెర మీద ముఖం కనపడదు, గొంతు వినపడదు. మెడ తిప్పడం, భుజం ఎగరెయ్యడం, అడుగు తీసి అడుగు వెయ్యడం, ఇంతే అతని అభినయం. జెయింట్ రోబోట్‌లోనూ అదే విద్య. రోబో ముఖంలో ఒక్క గీతయినా కదలదు. అయినా కొన్ని చోట్ల అది ఆలోచిస్తున్నట్టు, కొన్ని చోట్ల తెగించినట్టు ఉంటుంది. అది లోపలి మనిషి భుజాల గొప్పతనం.

కెమెరా వేగానికి లొంగనివి రెండు, నీరూ నిప్పూ. ఓడ బొమ్మని ఎంత చిన్నగా చేసినా నీటిబొట్టు తన సైజు మార్చుకోదు. మంట నాలుక కూడా అంతే. అందుకే ఆ కాలపు సముద్రపు షాట్లలో అలల దగ్గర, పేలుళ్ళ దగ్గర గుట్టు బయటపడిపోతుంది. వాళ్ళకది తెలియక కాదు. తెలిసే, వారానికో ఎపిసోడ్ అందించాల్సిన గడువులో ఎంత వరకు చెయ్యగలరో అంతా చేశారు. ఒకసారి బాగా కుదిరిన ఎగిరే షాట్‌ని దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. చిన్నప్పుడు మాకది వాడేసిన ముక్క అనిపించలేదు. ఆ షాట్ వస్తుందని తెలుసు, రావాలని ఎదురుచూసేవాళ్ళం. హరికథలో దాసుగారు ఎక్కడ చిరతలు మోగిస్తారో తెలిసీ అక్కడికి వచ్చేసరికి జనం సర్దుకుని కూర్చున్నట్టు.

మనకీ విద్య కొత్తదేం కాదు. 1957లో ‘మాయాబజార్’ కోసం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ ద్వారకా నగరాన్ని చూపించింది ఇలాగే. యాభై అడుగులకి అరవై అడుగుల జాగాలో దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టించి, వాటిలో కరెంటు దీపాలు వెలిగించారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరెళ్ళే దృశ్యాన్ని ఇవాళ్టి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. ఇంకా వెనక్కి వెళితే తోలుబొమ్మలాట ఉంది. బొమ్మకి కట్టిన పుల్ల నీడ తెర మీద తెలుస్తూనే ఉంటుంది. ఆడించేవాళ్ళు తెర వెనకే ఉన్నారని ఊరందరికీ తెలుసు. లక్ష్మణుడు మూర్ఛపోతే కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళకి ఆ పుల్ల ఎప్పుడూ అడ్డం రాలేదు. చూసేవాడూ ఆడించేవాడూ చెరి సగం పని చేస్తేనే ఆట పూర్తవుతుంది. జెయింట్ రోబోట్ చూసినప్పుడు ఆ సగం పని మేం ఎవరూ నేర్పకుండానే చేశాం.

ఈసారి చూస్తుండగా మా అన్నయ్య కూతురు వచ్చి పక్కన చేరింది. తను పుట్టినప్పటి నుంచీ కంప్యూటర్ గ్రాఫిక్సే ఎరుగును. తీగల సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను. అసలు ఆ ఊసే లేదు. “బాబాయ్, అంత పెద్ద రోబో ఆ పిల్లాడి మాటే ఎందుకు వినాలి?” అని అడిగింది.

మొదటి ఎపిసోడ్ అంతా ఈ ప్రశ్నకి జవాబే. జానీ ప్రయాణిస్తున్న ఓడని ఒక రాకాసి ముంచేస్తుంది. అతనూ యూనికార్న్ మనిషి జెర్రీ మానో ఒక ద్వీపంలో గార్గాయిల్ ముఠాకి చిక్కుతారు. అక్కడ ఒక శాస్త్రవేత్త చేత బలవంతంగా ఈ రోబోని తయారు చేయిస్తున్నారు. ఆయన గడియారాన్ని జానీ చేతిలో పెడతాడు. అందులో మొదట పలికిన గొంతుకే రోబో కట్టుబడి ఉంటుంది. దాన్ని లేపడానికి అణుశక్తి కావాలి. తన చేతులతో చేసిన దాన్ని దుర్మార్గుల పాలు కానివ్వకూడదని ఆ శాస్త్రవేత్త ముఠా స్థావరంలో అణుబాంబు పేలేలా ఏర్పాటు చేస్తాడు, తను మాత్రం ప్రాణాలు పోగొట్టుకుంటాడు. స్థావరం బూడిదవుతుంది. ఆ శక్తితోనే రోబో కళ్ళు తెరుస్తుంది.

చిన్నప్పుడు ఇది మాకు సాహసం. ఇప్పుడు ఆ సంవత్సరం మీదికి మనసు పోతుంది. 1967 అంటే హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు పడి 22 ఏళ్ళే. కథ రాసిన యొకొయామా 1934లో కోబేలో పుట్టాడు. యుద్ధం చివరి నెలల్లో ఆ నగరం మీద అమెరికా విమానాలు నిప్పుల వాన కురిపించాయి. ఆ తరం వాళ్ళు తమ పిల్లల కోసం ఒక కథ చేస్తూ, అణుబాంబు వెలుగులోంచి లేచిన ఆయుధాన్ని తీసుకెళ్ళి సైన్యాధిపతికీ ఇవ్వలేదు, మంత్రికీ ఇవ్వలేదు. ఒక పిల్లాడి గొంతుకి అప్పగించారు. అన్నెం పున్నెం ఎరగని గొంతయితే తప్ప అంత శక్తిని నమ్మలేమన్నట్టు. మా పాప అడిగిన ప్రశ్నకి నాకు తోచిన జవాబు అదే. తనకి ఇంత పొడుగున చెప్పలేదు. “పెద్దవాళ్ళు దాన్ని యుద్ధానికి వాడేస్తారని భయపడ్డారమ్మా” అన్నాను. తలూపి మళ్ళీ తెర వైపు తిరిగింది.

చివరి ఎపిసోడ్ ఆ ఆలోచనని ఇంకో అడుగు ముందుకి తీసుకెళుతుంది. గిలటిన్ చక్రవర్తి ఒళ్ళంతా అణుశక్తే. అతన్ని కాల్చారా, భూమి మొత్తం పేలిపోతుంది. గెలవడానికి దారి లేదు. అప్పుడు, అన్ని ఎపిసోడ్లలో జానీ మాట జవదాటని రోబో, మొదటిసారి ఆజ్ఞ లేకుండా కదులుతుంది. గిలటిన్‌ని పట్టుకుని పైకి లేస్తుంది. వెనక్కి రమ్మని జానీ గడియారంలో అరుస్తాడు. రోబో ఆగదు. అంతరిక్షంలోకి వెళ్ళి ఉల్కని ఢీకొని గిలటిన్‌తో పాటు తనూ అంతమవుతుంది. ఆయుధంగా తయారు చేసినది తనంతట తాను తీసుకున్న ఒకే ఒక్క నిర్ణయం, మళ్ళీ ఎవరి చేతిలోనూ ఆయుధం కాకుండా పోవడం. పిల్లల సీరియల్ని ఇలా ముగించడానికి ఎంత నిబ్బరం కావాలి! చూసే పిల్లలు ఏడుస్తారని వాళ్ళకి తెలుసు. ఏడవనిచ్చారు. ఆ దుఃఖాన్ని మోయగలరని పిల్లల్ని నమ్మారు.

మొత్తం చూశాక నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తుండిపోయినది పేలుడూ కాదు, ఎగరడమూ కాదు. జానీగా వేసిన కనెకో మిత్సునోబు మెడ. రోబోతో మాట్లాడే ప్రతి షాట్‌లో ఆ పిల్లాడు తల బాగా వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కళ్ళు ఆకాశంలో ఒక చోట నిలిపి మాట్లాడతాడు. షూటింగ్ రోజున ఆ చోట ఏమీ లేదు. ఉత్త ఆకాశం. అయినా అతని చూపు చెదరదు. ఎవరితో మాట్లాడుతున్నాడో వాళ్ళ ముఖం తనకి కనిపిస్తోందన్నట్టే ఉంటుంది. 30 మీటర్ల ఎత్తు మన బుర్రలోకి ఎక్కేది ఆ మెడ వంపు వల్లే. తొడుగుకీ తీగకీ ప్రాణం పోసింది ఆ చూపే.

పనితనంలో నేను గౌరవించేది అదే. చేస్తున్న పని చిన్నపిల్లల కోసమని, చేతిలో డబ్బు తక్కువని, ఎలాగూ వచ్చే వారం ఇంకోటి తియ్యాలని ఆ సీరియల్ తీసినవాళ్ళు ఎక్కడా చులకన చెయ్యలేదు. ప్రతి ఆపదా నిజమైన ఆపదే అన్నట్టు తీశారు, ప్రతి వీడ్కోలూ నిజమైన వీడ్కోలే అన్నట్టు నటించారు. సాంకేతికత పదేళ్ళకోసారి పాతబడుతుంది. ఇవాళ కళ్ళు చెదరగొడుతున్న గ్రాఫిక్స్ కూడా రేపటి పిల్లలకి తీగలే. తీసినవాళ్ళ నమ్మకానికి మాత్రం ఆ గడువు వర్తించదు. అది 1967లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

కాబట్టి మీ చిన్నప్పటి సీరియల్ ఏదైనా సరే, కేప్టెన్ వ్యోమ్ కావచ్చు, స్టార్ ట్రెక్ కావచ్చు, మళ్ళీ చూడాలనిపిస్తే వెక్కిరింపుల కోసం ముక్కలు ముక్కలుగా చూడకండి. ఒక ఎపిసోడ్ మొదటి నుంచి చివరిదాకా, ఫోన్ పక్కన పెట్టి, కుదిరితే ఇంట్లో ఒక పిల్లనో పిల్లాడినో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తీగ కనిపిస్తే కనిపించనివ్వండి. అది ఎలా కట్టారో పిల్లలకి చెప్పండి. ఎలా చేశారో తెలిసినంత మాత్రాన కథ మీద ఇష్టం పోదు, చేసినవాళ్ళ మీద ఇష్టం పెరుగుతుంది. ఆ పిల్లల్లో ఒకరు రేపు అట్టపెట్టెలతో ఊరు కట్టి, ఫోన్ కెమెరాని నేలకి ఆనించి రాకాసిని నడిపించారంటే, ఆ సీరియల్ తీసినవాళ్ళ విద్య ఇంకో తరానికి అందినట్టే.