ప్రవర్తన చెదరకుండా కోడ్ మార్చడం

లినక్స్‌లో నడుస్తున్న ఏ ప్రోగ్రాం మెమరీ అయినా ఒకే ముక్కగా ఉండదు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉండే మ్యాప్స్ ఫైల్ తెరిచి చూడండి. వరుసకో ప్రాంతం ఉంటుంది: మొదలెక్కడ, చివరెక్కడ, చదవొచ్చా, రాయొచ్చా. లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను రాసేవాళ్లు ఇలాంటి ఒక్కో ప్రాంతాన్ని వీఎంఏ (వర్చువల్ మెమరీ ఏరియా) అంటారు.

చిక్కంతా అంచుల దగ్గరే. పన్నెండు పేజీల (కెర్నెల్ మెమరీని పంచే ముక్కల) ప్రాంతంలో నడిమి నాలుగింటికి రాసే అనుమతి తీసేస్తే ఒకటి కాస్తా మూడవుతుంది. ఆ అనుమతి తిరిగి ఇచ్చాక, మిగతా లక్షణాలన్నీ సరిపోతే, గట్టు తీసేసిన మళ్లలా మూడూ ఒకటైపోవాలి. ముందున్నదానితో కలపాలా, తర్వాతదానితోనా, రెంటితోనా? దేన్ని పెంచాలి, దేన్ని తీసేయాలి? వీఎంఏ మర్జ్ అనే ఫంక్షన్ చాలా ఏళ్లు ఈ లెక్కంతా ఎనిమిది సందర్భాలుగా మోసింది. వాటికి నంబర్లు వేసి, కామెంట్లలో అక్షరాలతో బొమ్మలు గీసి పెట్టారు.

ఇలాంటి కోడ్‌ను తిరగరాయడానికి కెర్నెల్‌లో ఒక సంప్రదాయం ఉంది. కోడ్ చోటు మార్చే ప్యాచ్‌లో (ఒక విడత మార్పులో) తర్కాన్ని ముట్టుకోరు, తర్కం మార్చే ప్యాచ్‌లో చోటు కదపరు. ప్రతి ప్యాచ్ తర్వాతా కెర్నెల్ కంపైల్ కావాలి, బూట్ కావాలి. ఇది చాదస్తం కాదు. అలా ఉంటేనే, తప్పు తెచ్చిన మార్పును సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ పనికొస్తుంది. వెయ్యి మార్పుల్లో తప్పు ఎక్కడుందో పది పరీక్షల్లో తేలుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ 2020లో వచ్చిన 5.8 కెర్నెల్‌లో ఉంది. అప్పటిదాకా ప్రాసెస్ మెమరీ పటాన్ని కాపాడే తాళాన్ని (లాక్‌ను) కెర్నెల్ కోడ్‌లో ఎవరికి వాళ్లు నేరుగా వేసేవారు, తీసేవారు. కెర్నెల్ డెవలపర్ మిషెల్ లెస్పినాస్ ముందు చిన్న చిన్న ఫంక్షన్ల పొర ఒకటి కట్టాడు. కోడ్‌ను మూకుమ్మడిగా మార్చే కాక్సినెల్ అనే పనిముట్టుతో, తాళాన్ని నేరుగా వేసే, తీసే పిలుపుల్లో చాలావాటిని ఆ పొర మీదికి మార్చాడు. ఆ తర్వాతే తాళం పేరు మార్చాడు. పైకి కొత్తగా వచ్చిందేమీ లేదు. కానీ 2023లో 6.4 కెర్నెల్‌లోకి వీఎంఏకో తాళం వచ్చినప్పుడు, పెద్ద తాళం తీసే క్షణంలోనే చిన్నవన్నీ విడిపోయే ఏర్పాటు ఆ పొరలోనే ఇమిడిపోయింది. ఊరంతా తిరిగి ప్రతి పిలుపునూ దిద్దే పని తప్పింది.

అయినా ప్రమాదం లేకపోలేదు. 2022 చివర 6.1 కెర్నెల్‌లో వీఎంఏలను దాచే రెడ్-బ్లాక్ ట్రీ స్థానంలో మేపుల్ ట్రీ వచ్చింది. స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక డేటా ఉండే ప్రాంతం) పెరిగేటప్పుడు, ఒకేసారి చాలామంది పట్టుకోగల చదివే తాళం మాత్రమే పట్టుకునే పాత అలవాటు అలాగే ఉండిపోయింది. పాత ట్రీలో అది చెల్లింది, ఎందుకంటే అక్కడ ప్రాంతం మొదలు మారినా ట్రీ అల్లిక మారదు. కొత్త ట్రీలో నోడ్ మొత్తమే మారిపోవచ్చు. 2023లో బయటపడిన స్టాక్‌రాట్ అనే భద్రతా లోపానికి మూలం ఇదే. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా పూనుకుని స్టాక్ పెంచే దారిని, ఒక్కరే పట్టుకోగల రాసే తాళం కిందికి తెచ్చాడు. కోడ్‌లో ఎక్కడా రాసిపెట్టని నమ్మకాలను పట్టుకోవడమే ఈ పనిలో అసలు నేర్పని నేను గట్టిగా నమ్ముతాను.

2024లో కెర్నెల్ డెవలపర్ లొరెంజో స్టోక్స్ వీఎంఏ కోడ్‌ను విడి ఫైల్‌లోకి తెచ్చి, కెర్నెల్ బూట్ చేయకుండానే మామూలు ప్రోగ్రాంలా పరీక్షించే వీలు కల్పించాడు. ఆ పరీక్షల అండతోనే వీఎంఏ మర్జ్ ఫంక్షన్‌ను రెండుగా విడదీశారు: కొత్త ప్రాంతానికి ఒకటి, ఉన్నదాన్ని మార్చడానికి ఒకటి.