చక్రవర్తి గొంతు కోసిందెవరు?

టామ్రియెల్ ఖండాన్నంతా ఒక్క గొడుగు కిందికి తెచ్చిన టైబర్ సెప్టిమ్ గురించి సామ్రాజ్యం రాయించుకున్న చరిత్రలో ఒక ఘట్టం ఉంది. సేనానిగా ఉన్న రోజుల్లో అతను గొంతెత్తి కేక వేస్తే శత్రువుల కోటలు నిలిచేవి కావు. ఒక రాత్రి హంతకుడు రాజభవనంలో చొరబడి, నిప్పుపెట్టి, ప్రభువు కుహ్లెకైన్‌ను చంపి, ఇతని గొంతు కోశాడు. పొగలోంచి సేనాని బయటికొచ్చాడు. ఒక చెయ్యి మెడ మీద, రెండో చేతిలో చచ్చిపోయిన ప్రభువు కిరీటం. ప్రాణం దక్కింది, రాజ్యం దక్కింది. ఆ కేక మాత్రం మళ్లీ ఎవరూ వినలేదు.

మామూలు ఆటగాడు ఇది చదివి ఎంత వీరుడో అనుకుని పేజీ తిప్పేస్తాడు. పనితనం తెలిసిన థియరీకారుడు అక్కడే ఆగుతాడు. భవనం తగలబడుతుంటే, మెడలోంచి నెత్తురు కారుతుంటే, మనిషి కిరీటం వెతికి పట్టుకొస్తాడా? ప్రభువును నిండుగా చంపినవాడు సేనానిని సగం కోసి ఎందుకు వదిలేశాడు? కేక పోవడానికి ఇంత సరిగ్గా సరిపడే గాయం ఎలా తగిలింది? ఈ ప్రశ్నల మీద అభిమానులు ఇన్నేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన వాదం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆడని పాఠకుల కోసం రెండు ముక్కలు. అమెరికాలోని మేరీల్యాండ్‌కు చెందిన బెథెస్డా కంపెనీ తీసిన గేముల వరస పేరు ఎల్డర్ స్క్రోల్స్. 1994లో ఎరీనా, 1996లో డాగర్‌ఫాల్, 2002లో మారోవిండ్, 2006లో అబ్లివియన్, 2011లో స్కైరిమ్. కత్తి పట్టుకుని తిరిగే ఆటలే అయినా, డాగర్‌ఫాల్ నుంచీ ఆ ఇళ్లలో, గుళ్లలో, దొంగల గుహల్లో వందల పుస్తకాలు పెట్టారు. తీసి, తెరిచి, చదవచ్చు. ప్రతి పుస్తకానికీ ఆ లోకంలోనే ఒక రచయిత ఉంటాడు. ఆ రచయితకు ఒక పక్షం ఉంటుంది. ఒకడు చక్రవర్తి కొలువులో జీతగాడు, ఇంకొకడు గుడి పూజారి, మరొకడు ఊరు పోగొట్టుకున్న కాందిశీకుడు. ఒకే యుద్ధాన్ని ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. గేము తీసినవాళ్లు మాత్రం ఏది నిజమో చెప్పరు. పొలం గట్టు తగాదాలో ఊరిపెద్ద ఇరుపక్షాల మాటా విని, ఎవరు ఏ మాట దాటేశారో పట్టుకుని, అసలు హద్దురాయి ఎక్కడుండేదో తేల్చినట్టు, అభిమాని ఆ పుస్తకాలన్నీ పక్కపక్కన పెట్టుకుని జరిగిందేమిటో తేల్చుకోవాలి. అదీ ఈ విద్య.

టైబర్ సెప్టిమ్ దగ్గరికే వద్దాం. అధికారిక కథ 1998లో అదే వరసలోని రెడ్‌గార్డ్ గేముతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. దాని ప్రకారం అతను ఉత్తరాన మంచుఖండం అట్మోరాలో పుట్టినవాడు, నార్డ్ జాతి వీరుల వారసుడు. ఆ తర్వాత ‘ఆర్క్టురియన్ హెరెసీ’ అనే చిన్న గ్రంథం బయటపడింది. అతను అట్మోరావాడు కాదు, పడమటి ఆల్కేర్‌లో పుట్టిన హ్యాల్టి అంటుందది. కోటలు కూల్చిన కేక హ్యాల్టిది కాదు, అతని వెంట ఉన్న పాతకాలపు నార్డ్ రాజు వుల్ఫ్‌హార్త్ ఆత్మది. కుహ్లెకైన్‌ను చంపించింది కూడా హ్యాల్టీయే. ఇప్పుడు ఆ గొంతు గాయాన్ని మళ్లీ చూడండి. తనకు ఎన్నడూ లేని కేకను తనే పోగొట్టుకున్నట్టు లోకాన్ని నమ్మించడానికి అంతకంటే మంచి దారి ఉంటుందా? గుడ్డ కట్టుకున్న మెడను చూసి సైన్యం కన్నీళ్లు పెట్టుకుని ఉంటుంది, ప్రశ్న అడిగి ఉండదు.

ఇంతవరకూ అయితే ఒక పుస్తకం మీద ఇంకో పుస్తకం. నిందలు వేసిన గ్రంథం రాసింది శత్రువే కావచ్చు కదా అని సామ్రాజ్యవాదులు ఏళ్ల తరబడి వాదించారు. 2011లో స్కైరిమ్ వచ్చింది. అందులో ఓల్డ్ హ్రోల్డాన్ అని ఒక సత్రం ఉంది. టైబర్ సెప్టిమ్ పడుకున్న మంచం ఇదేనని చెప్పి సత్రం యజమానురాలు ఆ గది అద్దెకిస్తుంది. అక్కడ నిద్రపోయి లేస్తే ఎదురుగా ఒక సైనికుడి దయ్యం. టైబర్ సెప్టిమ్ కాలపు యుద్ధంలో చచ్చిపోయి, తన సేనాని మాట నిలబెట్టుకుంటాడని ఇంకా కాచుకుని ఉన్నాడు. మిమ్మల్ని చూసి ఆ సేనానే అనుకుని పిలుస్తాడు. ఏమని? హ్యాల్టి అని! చచ్చిన సైనికుడికి రాజకీయాలేముంటాయి, అబద్ధమాడి ఏం బావుకుంటాడు? ఆ ఒక్క పిలుపును పట్టుకుని, పాత గ్రంథంతో జతచేసి, అధికారిక కథ పునాదిని కదిపినవాళ్లున్నారే, వాళ్లది నిఖార్సైన పనితనం. వాళ్లలో చాలామంది అసలు పేర్లు లోకానికి తెలియవు, మారుపేర్లతోనే రాశారు. పేరు కోసం చేసిన పని కాదు గనకే అంత శుద్ధంగా ఉంది.

ఇక వివెక్ సంగతి. మారోవిండ్‌లో ముగ్గురు మనుషులు దేవుళ్లై కూర్చుంటారు: వివెక్, ఆల్మలెక్సియా, సోథా సిల్. వాళ్ల నాయకుడు నెరెవార్ ఎర్రకొండ యుద్ధం తర్వాత గాయాలతో చనిపోయాడని గుడి చెబుతుంది. ఆ ముగ్గురే చంపారని ఎడారిలో తిరిగే గిరిజన తెగలు తరతరాలుగా చెప్పుకుంటాయి. వివెక్ తన మహిమలు చాటుకుంటూ 36 ఉపదేశాలు రాసుకున్నాడు. ఆ రాత నిజానికి గేము రచయిత మైఖేల్ కర్క్‌బ్రైడ్‌ది. చదివితే తల తిరుగుతుంది, సగం అర్థం కాదు. 29వ ఉపదేశంలో కొన్ని అంకెల వరస ఉంటుంది. చాలామంది దాన్ని ఏదో మంత్రసంఖ్య అనుకుని వదిలేశారు. కొందరు వదల్లేదు. ఒక్కో అంకెను ఒక్కో ఉపదేశానికి వరసగా కేటాయించి, అందులో అన్నో మాట ఏదో లెక్కపెట్టారు. ఆ మాటలన్నీ కలిపితే నేరాంగీకారం బయటపడింది! తాను పుట్టుకతో దేవుణ్ణి కానని, దైవత్వాన్ని దొంగిలించానని, నాయకుణ్ణి చంపానని, అదంతా తన ఇష్టపూర్వకంగా చేశానని వివెక్ తన పేరుతో సహా చెప్పుకున్నాడు. చివరి ఉపదేశంలో పేరాల మొదటి అక్షరాలు కలిపితే ఘోరహత్య అని వస్తుంది.

ఈ గుట్టు విప్పినందుకు గేములో కత్తి ఇవ్వరు, బంగారం ఇవ్వరు, ఒక్క పాయింటు పెరగదు. నిజం తెలుస్తుంది, అంతే. 36 ఉపదేశాల్లో మాటలు వేలుపెట్టి లెక్కించినవాళ్ల ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. నాలుగేళ్ల తర్వాత అబ్లివియన్‌లో విలన్ మాంకార్ కామోరన్ రాసిన నాలుగు సంపుటాలలోనూ పేరాల మొదటి అక్షరాల్లోనే అతని స్థావరానికి దారి దాచారు. అక్కడ అది కథ ముందుకు సాగడానికి తప్పనిసరి మెట్టు, సాయానికి ఒక పాత్ర కూడా ఉంటుంది. అదీ బాగుంటుంది. కానీ వివెక్ గుట్టు ముందు అది బాలశిక్ష.

మారోవిండ్‌లోనే ఇంకో ఆణిముత్యం. ఆట మొదట్లో ఖైదు నుంచి విడిపించి మీ చేతికి ఒక కట్ట ఇస్తారు, కైయస్ కొసాడెస్ అనే గూఢచారికి అందించమని. అది రహస్య లిపిలో ఉంటుంది. చాలా దూరం ఆడాక దాని అర్థం మీ చేతికొస్తుంది. అక్కడి జనం ఎదురుచూసే అవతారపురుషుడి లక్షణాలు ఈ ఖైదీకి కొన్ని కలిశాయి కనక, మిగతావి కూడా కలిసేలా చూసి వాడుకోమని చక్రవర్తి యూరియల్ సెప్టిమ్ ఆజ్ఞ! నిజంగా అవతారమో కాదో ఆయనకు పట్టదు. ఒక రాష్ట్రాన్ని చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి అక్కడి దేవుణ్ణి రాజధానిలో తయారుచేసి పంపించాడు. చెరలో పదేళ్లు గడిపి, తన వేషంలో మంత్రగాడు జాగర్ థార్న్ సింహాసనమెక్కి కూర్చోవడం చవిచూసినవాడికి ఆ తెలివి వచ్చి ఉంటుందని ఒక థియరీ ఉంది. నాకది పరమ ఇష్టం.

ఎర్రకొండ కింద కూర్చున్న మారోవిండ్ విలన్ డాగోత్ ఉర్ కూడా అంతే. ఆఖరి పోరుకు ముందు అతను మీ ప్రశ్నలకు జవాబు చెబుతాడు. ద్రోహం చేశావేమని నిలదీస్తే, నాయకుడు నెరెవార్ ఆజ్ఞ ప్రకారమే ఆ కొండలోని దైవహృదయాన్ని కాపలా కాశానంటాడు. వాడు చెప్పేదాంట్లో ఎంత నిజమో, ఎంత పిచ్చో విడదీయడమే అసలు పని. కెన్ రోల్‌స్టన్ ప్రధాన రూపకర్తగా ఉన్న మారోవిండ్ బృందం విలన్‌కు మాట్లాడే హక్కిచ్చింది. ఆ గౌరవం తర్వాత ఎంతమంది విలన్లకు దక్కింది?

డాగర్‌ఫాల్ ముగింపులు ఒకదానికొకటి పొసగవు. ఇత్తడి మహాయంత్రం న్యుమిడియమ్ ఎవరి చేతికి పోతే వారిదే గెలుపు. తర్వాతి గేముకు ఏది నిజమనుకోవాలి? కాలమే చీలిపోయి అన్ని ముగింపులూ ఒకేసారి జరిగాయని తేల్చి, ఆ కొన్ని రోజుల్లోనే చిన్నచిన్న రాజ్యాలు మాయమై నాలుగు మిగిలాయన్నారు. కథ రాసేవాళ్ల చిక్కును కథలో భాగం చేసిన ఉపాయమిది. దీన్ని తప్పించుకునే దారి అని వెక్కిరించేవాళ్లతో నాకు ఎన్నడూ పడదు.

స్కైరిమ్ రాజకీయాల్లో నేను సామ్రాజ్యం పక్షం, దాచుకోను. మహాయుద్ధం తర్వాత నాలుగో యుగం 175లో థాల్మోర్ ఎల్ఫులతో చేసుకున్న ఒప్పందంలో చక్రవర్తి టైటస్ మీడ్ టాలోస్ పూజను నిషేధించాడు. టాలోస్ అంటే దేవుడైన టైబర్ సెప్టిమే. దాన్ని ద్రోహమంటూ ఉల్ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ తిరుగుబాటు చేస్తాడు. అతణ్ణి నెత్తిన పెట్టుకునే మిత్రులకు నేను చూపించేది ఒక్క కాగితమే, థాల్మోర్ రాయబార కార్యాలయంలో దొరికే ఉల్ఫ్రిక్ ఫైలు. యుద్ధంలో అతణ్ణి పట్టుకుని, చిత్రహింసలతో నోరు విప్పించి, తన మాట వల్లే రాజధాని కూలిందని అతను నమ్మేలా థాల్మోర్ చేశారు. నిజానికి అతను నోరు విప్పకముందే రాజధాని పడిపోయింది. తర్వాత తప్పించుకోనిచ్చారు. ఈ అంతర్యుద్ధంలో ఎవరు గెలిచినా తమకు నష్టమేనని, సాగుతూ ఉంటేనే లాభమని ఆ ఫైలే చెబుతుంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

థాల్మోర్ గురించి ఇంకో పెద్ద థియరీ ఉంది. వాళ్లకు కావలసింది రాజ్యం కాదని, లోకాన్ని నిలబెట్టే పురాతన గోపురాలన్నీ కూల్చి సృష్టినే రద్దు చేద్దామని చూస్తున్నారని. దాని బలమంతా గేము బయట కర్క్‌బ్రైడ్ రాసిన రాతల్లో ఉంది. అందంగా ఉంటుంది, నేనూ చదివి మురిశాను. అయినా ఆటలో దొరికే ఫైలుకూ, బయట రాసిన రాతకూ ఒకే తూకం వెయ్యను.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండిపోతుంది. ఎర్ర బాణం, నోరు తెరిచిన ముఖం, ‘ఈ విలన్ చెప్పిందే నిజం’ అనే బొమ్మ, వెనక యంత్రం గొంతుతో పది నిమిషాల వీడియో. ఏ పుస్తకం, ఎవరు రాసింది, ఎక్కడ దొరికింది? ఒక్కటీ చెప్పరు. ఎవరో ఏళ్లు పడి తవ్విన దాన్ని రెండు వాక్యాలకు కుదించి, సొంత సరుకులా అమ్ముకుంటారు. అది చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి వేరొకడు. మూడో చేతికొచ్చేసరికి గేములో ఎక్కడా లేని మాటలు డాగోత్ ఉర్ నోట్లో పెడుతున్నారు. ఇంకో రకం వాళ్లున్నారు, హీరో కోమాలో ఉన్నాడు, కథంతా వాడి కల అంటారు. ఏ కథకైనా అతికే థియరీ ఏ కథ గురించీ ఏమీ చెప్పదు. నిజమైన థియరీకి ఓడిపోయే దారి ఉండాలి. ఆ దయ్యం వేరే పేరు పెట్టి పిలిచి ఉంటే హ్యాల్టి వాదం అక్కడే కుప్పకూలేది. ఆ తెగువ ఈ కోమావాళ్లకు ఏది?

తప్పు చూసేవాళ్లదే అనను. మారోవిండ్‌లో దారి చూపే గుర్తు ఉండేది కాదు. ఫలానా రాయి దాటి తూర్పుకు తిరగమని ఎవరో చెబితే విని, డైరీలో చదువుకుని వెళ్లాలి. చదవకపోతే తప్పిపోతాం. అబ్లివియన్ నుంచి దిక్సూచి మీద గుర్తు వచ్చింది. దాని వెంట పరుగెత్తేవాడికి పుస్తకం తెరిచే అవసరమేముంది? చదవడం మానేసిన ఆటగాడికి చదివినవాడి సారాంశం కావలసొచ్చింది, ఆ సందులో దళారులు దూరారు.

2018లో బెథెస్డా ఆరో గేమును ప్రకటించింది. చూపించింది కొండలూ తీరమూ మాత్రమే. చాలామంది అది హ్యామర్‌ఫెల్ దేశమని ఊహిస్తున్నారు. అదే నిజమైతే నా మనవి ఒకటుంది. మహాయుద్ధం గురించి సామ్రాజ్య సైన్యాధికారి రాసిన పుస్తకంలో ఒక చిన్న సంగతి ఉంది. రాజధానిని విడిపించడానికి హ్యామర్‌ఫెల్ నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచినప్పుడు, సేనాపతి డెసియానస్ చాలామంది సైనికులను పనికిరానివాళ్లని రాసి అక్కడే వదిలేశాడు. ఆ పనికిరానివాళ్లే కొత్త సైన్యానికి వెన్నెముకై శత్రువును ఎడారి దాటించి తరిమారు. ఒప్పందంలో తమ దక్షిణ భూమిని శత్రువుకు ధారపోశారని హ్యామర్‌ఫెల్ సామ్రాజ్యం నుంచి విడిపోయి, నాలుగో యుగం 180 దాకా ఒంటరిగా పోరాడి థాల్మోర్‌ను వెళ్లగొట్టింది. డెసియానస్ చేసింది సొంత తెగింపేనని ఆ పుస్తకం ధ్వని. టైటస్ మీడ్ రహస్యంగా చెప్పే చేయించాడని, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే తర్వాతి యుద్ధానికి విత్తనం నాటాడని నా వాదం. ప్రత్యర్థులు నన్ను చక్రవర్తి భక్తుడంటారు, అననివ్వండి. అలా వదిలేసిన సైనికుల్లో ఒకడి డైరీ, హ్యామర్‌ఫెల్ జనమైన రెడ్‌గార్డ్‌లు తమ పిల్లలకు చెప్పుకునే యుద్ధకథ, థాల్మోర్ దాచిన ఫైలు, ఈ మూడూ ఒకదానికొకటి పొసగకుండా రాయించి, మూడు వేర్వేరు ఊళ్లలో, ఏ గుర్తూ చూపించని చోట పెట్టమని ఆ కంపెనీని అడుగుతున్నాను.