మోకాటి లోతు నీళ్లలో పడవ

ఎండాకాలంలో మా నంద్యాల జిల్లా పగిడ్యాల వైపు పేపరు రాగానే చాలామంది ముందు చూసేది జలాశయాల పట్టిక. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిన్న ఇంత, ఈ రోజు ఇంత. రైతులు ఆ అంకె పట్టుకుని టీ కొట్టు దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. 854 అనగానే పోతిరెడ్డిపాడు కాలువ తూములు, వాటి వెనకే రాజకీయం. 834 అంటే మల్యాల పంపులు. ఇంకా కిందికి, 798 దాకా దిగినా మన ముచ్చుమర్రి పంపులకు నీళ్లందుతాయని ఒకరంటే, అంతవరకు రానిస్తే కదా అని ఇంకొకరు.

పడవ నడిపేవాళ్లకు మాత్రం ఈ అంకెల్లో కనిపించేది వేరు. ఏ మట్టానికి ఏ ఊరి గోడ బయటపడుతుంది, ఏ మట్టానికి ఏ చింతమొద్దు నీటికింద జానెడు లోతులో దాక్కుంటుంది అని వాళ్ల లెక్క. జలాశయం ఒడ్డున నెహ్రూనగర్ రేవులో ఒక పెద్దాయన నాకు చెప్పిన మాట ఇది: "మొద్దు పైకి తేలితే బయం ల్యా, కనపడతాది. బాగా మునిగినా బయం ల్యా, దానిమీంద పోతాం. అటూ ఇటూ కాకుండా మద్దెలో ఉంటాది సూడు, అప్పుడే దాంతో తంటా." పడవ నడపడం గురించి ఇంతకన్నా తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు నాకు.

నిండు నీళ్లలో పడవ నడపడం గొప్ప కాదని నా అభిప్రాయం. ఆగస్టు, సెప్టెంబరుల్లో కృష్ణ ఇక్కడ సముద్రంలా పరుచుకుంటుంది. గాలి లేస్తే అలలుంటాయి, నిజమే. కానీ అవతల సోమశిల కొండ కనిపిస్తుంటే ముక్కుసూటిగా పోవచ్చు. మట్టం దిగేకొద్దీ దారి వంకర్లు తిరగడం మొదలవుతుంది. చెరువులా నిలిచి ఉన్నది మళ్లీ ఏరవుతుంది. పాత కృష్ణ ఎక్కడ పారిందో అక్కడే లోతు, మిగతాదంతా బురద మేట. ఆ పాత దారి తెలిసినవాడే అసలు పడవవాడు. ఆ దారి ఏటేటా మారుతుందన్నదే చిక్కు. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు దాని నిల్వ 308 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు 215 చిల్లరకు వచ్చింది. పోయిన ఆ తొంభై టీఎంసీల చోటు అంతా ఒండ్రు మట్టే. నాయన చూపించిన దారిలో కొడుకు పోతే పడవ మేట మీద కూర్చుంటుంది.

మే నెలలో ఒక పొద్దున అలా ఏరు దాటడం దగ్గరగా చూశాను. ఇంజన్ బోటు. అందులో మూడు మోటారు సైకిళ్లు, పెళ్లికి పోయే ఒక కుటుంబం, రెండు కోళ్ల గంపలు. రేవు అన్నది వానాకాలంలో ఉన్నచోట లేదు. నెర్రెలు బారిన మట్టి మీద బాగా నడిచాక నీళ్లు వచ్చాయి. బురద మీద పలకలు పరిచారు. మోటారు సైకిల్ పలక తప్పితే ముందు చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది, తియ్యడానికి నలుగురు కావాలి. పడవ కాస్త దూరం ఇంజన్ మీద పోయింది. తర్వాత నడిపే పెద్దాయన ఇంజన్ ఆపేసి, వెనక ఫ్యాను పైకి లేపేశాడు. పడవ ముందు భాగంలో కూర్చున్న కుర్రవాడు వెదురు గడ తీశాడు. దాని మీద మూరకొక గాటు ఉంది. గాట్ల వంక అతను చూడనే లేదు. గడ మెత్తగా దిగబడితే బురద, గరగర గీరితే గులకరాయి, ఠక్కుమంటే ఏదో ఊరి గోడ. చేతికి తెలిసినదాన్ని నోటితో వెనక్కి అందిస్తున్నాడు: "మెత్త... మెత్త... రాయి... ఎడమకు, ఎడమకు!" పెద్దాయన తెడ్డుతో పడవ మూతిని తిప్పుతున్నాడు. ఇంజన్ ఎందుకు ఆపావు చిన్నాయనా, మెల్లగా పోనివ్వొచ్చు కదా అని అడిగితే, "ఇంజను మోగుతాంటే పిల్లోని మాట ఇనపడదు సార్" అన్నాడు. ఒకచోట పడవ ఆనింది. ఎవరూ కంగారు పడలేదు. ముందు కూర్చున్న వాళ్లందరినీ వెనక్కి జరగమన్నారు. మూతి లేచింది. ఇద్దరు దిగి తొడల దాకా బురదలో నిలబడి ఊపి ఊపి తోశారు. కోళ్లు ఒకటే గోల.

ఆ గడకు ఠక్కుమని తగిలే గోడల సంగతి మా తరానికి చెప్పక్కర్లేదు. శ్రీశైలం కింద నూరుకు పైగా ఊళ్లు పోయాయి, లక్ష మంది దాకా చెదిరిపోయారు. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. సగం కూలిన ఆ ఇళ్ల పునాదులు, బావుల ఒరలు, ఊరి ముందరి చెట్ల మొద్దులు అన్నీ ఇప్పటికీ నీటికింద ఉన్నాయి. మట్టం 840 దరిదాపులకు వచ్చేసరికి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పరుగున పోతారు. వేపదారు లింగాన్ని చూసి, ఫోటోలు దిగి వస్తారు. మళ్లీ వరద వచ్చి గుడి మునిగేదాకా అక్కడ సందడే. పేరు లేని ఊళ్ల గోడలు బయటపడితే చూడడానికి పోయేది ఆ ఊరివాళ్లు మాత్రమే. వాటిని రోజూ తప్పించుకుంటూ పోయేది పడవవాళ్లు.

పుట్టి గురించి కూడా ఒక మాట చెప్పాలి. వెదురు బద్దల అల్లిక, కింద ఒకప్పుడు తోలు, ఇప్పుడు టార్పాలిన్, దానికి తారు పూత. గుండ్రంగా, అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి జానెడు నీళ్లుంటే చాలు తేలుతుంది. పెద్ద బోట్లు చేతులెత్తేసిన చోట పుట్టి పోతుంది. అనుభవం లేనివాడు తెడ్డు వేస్తే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. తెడ్డును పక్కన కాదు, ఎదురుగా వేసి నీటిని తనవైపు లాక్కోవాలి. ఒకవైపు లాగిన వెంటనే రెండోవైపు. చూడ్డానికి సులువు. నేను చూసినంతలో ఇంజన్ బోటు నేర్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పుట్టిని తిన్నగా నడిపే కుర్రవాళ్లు తగ్గిపోతున్నారు.

నాకు అసలు గుచ్చుకునే విషయం ఇంకొకటి. పూర్వం ఏరు మెల్లమెల్లగా తగ్గేది. మాఘానికి ఇంత, చైత్రానికి ఇంత అని పడవవాడికి ఒక అంచనా ఉండేది. ఇప్పుడు నీళ్లు తగ్గించేది ఎండ ఒక్కటే కాదు. శ్రీశైలం ఆనకట్ట కుడిగట్టున 770 మెగావాట్ల కరెంటు కేంద్రం, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రం. రెండు రాష్ట్రాల్లో ఎవరు తిప్పినా మట్టం పడుతుంది. పైగా ఈ పక్కా ఆ పక్కా ఎత్తిపోతల పంపులు. వరద మొదలైతే వారం పది రోజుల్లో పదుల అడుగులు లేస్తుంది. ఆ పడడం, లేవడం గురించి కృష్ణా నదీ బోర్డులో తగవులు నడుస్తాయి, లేఖలు పోతాయి. రేవులో ఉన్నవాడికి మాత్రం ఏ కబురూ రాదు. నిన్న దాటిన మేట ఈ రోజు బయటపడితే అదే అతనికి కబురు.

కాలంతో నీళ్లు తగ్గుతాయన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. కర్నూలు–కడప (కేసీ) కాలువ చరిత్ర అదే. నందికొట్కూరు, నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు అది సాగునీటి కాలువ. తవ్వినవాళ్లకు అది పడవల దారి కూడా. 1858లో పెట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, 1863 నుంచి 1870 దాకా, సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప వరకు 306 కిలోమీటర్లు తవ్వింది. ఈ ఆలోచన వెనకున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు కాలువలంటే నీళ్లు, పడవలు రెండూనూ. గోదావరి డెల్టాలో ఆ లెక్క కుదిరింది. అక్కడ నేల చదును, నది పెద్దది. ఇక్కడ సుంకేసులకు, కడపకు మధ్య నేల నాలుగు వందల అడుగులకు పైగా దిగుతుంది. అందుకని మెట్టు మెట్టుకూ లాకులు కట్టారు. లాకులో పడవ కిందికి దిగాలంటే తొట్టెడు నీళ్లు కిందికి వదలాలి. వానాకాలంలో తుంగభద్ర నిండుగా ఉంటుంది కాబట్టి సరే. సంక్రాంతి దాటాక ఏట్లో నీళ్లే లేకపోతే పడవకిచ్చేదేంటి, పొలానికిచ్చేదేంటి? కాలువ కింద ఉన్నదేమో నల్లరేగడి. ఆ నేలలో జొన్న, పత్తి వేసుకునే రైతు నీళ్లు కొనడానికి తొందరపడలేదు. పడవ వ్యాపారమూ లేచి నిలబడలేదు. 1876 కరువు వచ్చింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు దాకా తరిగిపోయింది. కంపెనీ చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా రైలు వచ్చింది. ఎండాకాలంలో కూడా నడిచే బండి వచ్చాక, ఆరు నెలలు కూర్చునే పడవను ఎవరు పట్టించుకుంటారు? 1933లో పడవల సంగతి పూర్తిగా వదిలేసి దాన్ని సాగుకే ఉంచారు. కట్ట వెంట పోతే పాత లాకుల రాతి గోడలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. చక్కగా చెక్కిన రాయి. పడవ చూసి తొంభై ఏళ్లు దాటింది.

ఇంగ్లండులో ఇలాంటి కాలువలనే ఇంకా వాడుతున్నారు. సరుకులకు కాదు, విహారానికి, కాపురానికి. ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు ఉండే సన్నటి పడవలు, వాటి కొలతకే కట్టిన ఇరుకు లాకులు. ఒక్కో లాకు తిప్పితే లక్ష లీటర్లకు పైగా నీళ్లు కిందికి పోతాయి. 2025 వసంతం అక్కడ నూరేళ్లలో చూడనంత పొడిగా గడిచింది. కొండల మీది చెరువులు అడుగంటాయి. లీడ్స్ నుంచి లివర్‌పూల్ పోయే 204 కిలోమీటర్ల కాలువలో పెద్ద భాగం మే నుంచే మూసేశారు. అక్కడి పడవలవాళ్లు తిట్టుకోక మానలేదు. కానీ ఏ లాకు ఎప్పుడు మూస్తారో, ఏది ఎన్ని గంటలు తెరుస్తారో ముందే తెలిసేది. వెడల్పాటి లాకుల్లో రెండు పడవలు కలిసి దిగితే ఒక తొట్టి నీళ్లు మిగులుతాయని, తోడు పడవ వచ్చేదాకా ఆగమని చెప్పేవాళ్లు. సెలవులకు పడవ ఎక్కేవాడికే అంత కబురు అందుతుంటే, పిల్లను కాన్పుకు అవతలి ఒడ్డుకు తీసుకుపోయే మావాడికి అందకపోవడం ఏం న్యాయం?

ఇది ఊరికే అడుగుతున్న మాట కాదు. 2007 జనవరిలో ఇదే ఏట్లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ తర్వాత వంతెన అనే మాట ప్రతి ఎన్నికల్లోనూ వినిపించింది. చివరికి 2022లో సిద్ధేశ్వరం, సోమశిల మధ్య 1,082 కోట్లతో తీగల వంతెనను 167కె జాతీయ రహదారిలో భాగంగా కేంద్రం మంజూరు చేసింది. వంతెన వద్దని ఎవరూ అనరు. కానీ తీగలకు వేలాడే వంతెనతో పాటు అక్కడే నీటిని నిలిపే అలుగు కావాలని రాయలసీమ రైతులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. 2016 మే 31న వేలమంది రైతులు సిద్ధేశ్వరం పోయి తామే అలుగుకు శంకుస్థాపన చేశారు. అలుగు ఉంటే ఎండాకాలంలో ఇటువైపు నీళ్లు నిలుస్తాయి. పంపులకు, తాగునీళ్లకు మాత్రమే కాదు, పడవకు కూడా. చూసి రావడానికి బాగుండే వంతెన కన్నా నీళ్లు నిలిపే వంతెన మేలని నా మాట.

అవన్నీ ఎప్పటికి అయ్యేనో. అందాకా చెయ్యగలిగిన పనులకు కోట్లు అక్కర్లేదు. నెహ్రూనగర్ రేవులోనూ అవతలి రేవులోనూ అడుగుల గీతలు వేసిన కొలస్తంభం ఒక్కోటి పాతించండి. నీటికింద ఉన్న గోడలు, మొద్దులు ఎక్కడున్నాయో పడవవాళ్లనే అడిగి, వాటి మీద ఎర్ర రంగు డబ్బాలు కట్టి తేలించండి. కరెంటు కోసం నీళ్లు వదిలే ముందు ఇటు నంద్యాల, అటు నాగర్‌కర్నూలు అధికారుల నుంచి రేవులకు ఒక ఫోన్ రావాలి. ఈ మూడూ సర్కారు పనులు. నాలుగోది మనది: ఎండాకాలంలో పడవ ఎక్కినప్పుడు ముందు కూర్చున్న కుర్రవాడు వెనక్కి జరగమంటే మారుమాట్లాడకుండా జరగండి, ఇంజన్ ఆపినప్పుడు ఫోన్‌లో గట్టిగా మాట్లాడకండి.