నొప్పికి పేరు: ఒంగోలు ప్రాంతం, ఋతుబాధ, తెలుగు రచన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తీవ్రమైన ఋతుబాధను, దాని వెనుక ఉండే అవకాశమున్న ఎండోమెట్రియోసిస్ వ్యాధిని తెలుగు భాష, తెలుగు రచన ఏ విధంగా గుర్తించాయో, ఎక్కడ గుర్తించలేకపోయాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒంగోలు ప్రాంతంతో సంబంధమున్న 'లోధ్ర' ఔషధం, 'గృహలక్ష్మి' పత్రిక, 1990ల నాటి స్త్రీవాద రచన ఇందులో ప్రధాన ఆధారాలు. ఈ వ్యాధి నిర్ధారణకు తొలి సాధనం రోగి చెప్పే కథనమే కాబట్టి, ఆ కథనానికి కావలసిన భాష సాహిత్య విమర్శకు చెందిన విషయమే అవుతుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఋతుబాధ, ఎండోమెట్రియోసిస్, లోధ్ర, గృహలక్ష్మి, స్త్రీవాద సాహిత్యం, గర్భసంచి తొలగింపు.

1. ఉపోద్ఘాతం:
గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అంటే అండాశయాల మీద, కటి కుహరంలో, కొన్నిసార్లు పేగుల మీద పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. సంతానోత్పత్తి వయస్సులో ఉన్న స్త్రీలలో సుమారు పదిశాతం మంది, అంటే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 కోట్లమంది, దీని బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు మొదలైన నాటికీ వ్యాధికి పేరు పెట్టే నాటికీ మధ్య అనేక సంవత్సరాలు గడిచిపోవడం ఈ వ్యాధి ప్రత్యేకత. ఈ ఆలస్యానికి వైద్యపరమైన కారణాలు ఉన్నాయి. వాటితోపాటు భాషాపరమైన కారణం కూడా ఉంది. ప్రస్తుత పరిశీలన ఆ రెండవదానికి సంబంధించినది.

2. ఋతు పదజాలం - స్వభావం:
తెలుగులో ఋతుస్రావాన్ని సూచించే మాటలను ఒకచోట చేర్చి చూస్తే ఒక లక్షణం స్పష్టమవుతుంది. 'ముట్టు', 'అంటు' అనేవి స్పర్శకు సంబంధించినవి. 'బహిష్టు', 'బయట చేరడం', 'దూరంగా ఉండడం' అనేవి స్థానానికి సంబంధించినవి. 'మైల' శుచికి సంబంధించినది. 'నెలసరి' కాలానికి సంబంధించినది. స్త్రీ ఎక్కడ కూర్చోవాలో, దేనిని తాకరాదో ఈ మాటలు చెబుతాయి. ఆమె శరీరంలో ఏమి జరుగుతున్నదో ఇవి చెప్పవు.

నొప్పిని చెప్పవలసివచ్చినప్పుడు మిగిలేది 'కడుపునొప్పి' అన్న మాట. తెలుగులో 'కడుపు' అనే పదానికి జీర్ణాశయమనే అర్థంతోపాటు గర్భమనే అర్థం కూడా ఉంది. 'కడుపుతో ఉంది', 'కడుపు పండింది' అన్న వాడుకలే ఇందుకు నిదర్శనం. అందువల్ల ఋతుకాలపు కడుపునొప్పి ఒకవైపు అజీర్తితో కలిసిపోతుంది, మరొకవైపు మాతృత్వంతో ముడిపడిపోతుంది. 'పెళ్ళయితే తగ్గుతుంది', 'ఒక కాన్పయితే సర్దుకుంటుంది' అన్న ఓదార్పులు ఈ రెండవ అర్థం నుండి పుట్టినవే. ఓదార్పు చెప్పే పెద్దల ఉద్దేశంలో దయ లేదనలేము. కానీ ఆ మాట వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సమయాన్ని పెళ్ళి వరకు, ఆపై కాన్పు వరకు వాయిదా వేస్తుంది.

ప్రాచీన వైద్యం ఈ విషయంలో ఎక్కువ నిర్దిష్టంగా ఉన్నది. చరకసంహిత చికిత్సాస్థానం ఇరవై యోనివ్యాపత్తులను పేర్కొంటూ, వాటిలో 'ఉదావర్తిని' అనే దానిని వేరుగా గుర్తించింది. రజస్సు కష్టంతో వెలువడడం, వెలువడిన పిమ్మట ఉపశమనం కలగడం దాని లక్షణాలు. ఇది నేటి ఎండోమెట్రియోసిస్‌తో సమానమని చెప్పడం తొందరపాటు. అయితే బాధను వ్యాధిగా పరిగణించి దానికి ప్రత్యేక నామం ఇచ్చిన సంప్రదాయం ఉన్నదనీ, అది నిత్యవ్యవహార భాషలోకి దిగిరాలేదనీ చెప్పడానికి ఈ ఆధారం చాలు.

3. లోధ్ర - గృహలక్ష్మి:
ఒంగోలు సమీపంలోని ఇనమనమెళ్ళూరులో 1875లో జన్మించిన డాక్టర్ కె.ఎన్. కేసరి పేదరికం నుండి మద్రాసుకు చేరి, ఆయుర్వేద వైద్యునిగా స్థిరపడి, కేసరి కుటీరాన్ని స్థాపించారు. ఆయన బాల్యజ్ఞాపకాలు 'చిన్ననాటి ముచ్చట్లు'గా తెలుగు ఆత్మకథా సాహిత్యంలో నిలిచాయి. ఆ కుటీరం నుండి వెలువడిన 'లోధ్ర' స్త్రీల గర్భాశయ సంబంధ బాధలకు ఔషధంగా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధి పొందింది. స్త్రీల కొరకు ఆయన 1928లో 'గృహలక్ష్మి' పత్రికను ప్రారంభించారు. బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారదలేఖలు' ఆ పత్రికలోనే వెలువడ్డాయి. 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణాన్ని అందుకున్నది కూడా ఆమెయే.

ఔషధం, పత్రిక ఒకే చేతి నుండి వెలువడడం గమనించదగిన అంశం. పురుష వైద్యునికి చెప్పుకోలేని బాధకు ఇంటికే చేరే సీసా ఒక మార్గం చూపింది. స్త్రీకి అటువంటి బాధ ఉన్నదని బహిరంగంగా అంగీకరించడం ఆనాటికి చిన్న విషయం కాదు. అయితే సీసాకు ప్రశ్నించే శక్తి లేదు. నొప్పి ఎన్నాళ్ళుగా ఉన్నది, స్రావానికి ముందా తరువాతా, మలవిసర్జనవేళ పెరుగుతున్నదా, దాంపత్యంలో బాధ కలుగుతున్నదా అని అది అడగదు. భిన్నమైన బాధలన్నీ 'గర్భాశయ దోషం' అన్న ఒకే పేరు కిందికి చేరాయి. ఇక 'శారదలేఖలు' స్నేహితురాలు కల్పలతకు శారద వ్రాసిన ఉత్తరాల రూపంలో సాగాయి. ఒక స్త్రీ మరొక స్త్రీతో అన్నీ చెప్పుకోగల రూపమది. దాని ప్రధాన దృష్టి విద్య, సంస్కరణ, దేశసేవల మీద నిలిచింది. పత్రిక స్త్రీ వివేకంతో మాట్లాడింది, ఔషధం ఆమె గర్భాశయంతో వ్యవహరించింది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే రచనకు మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

4. స్త్రీవాద రచన - ఒక ఖాళీ:
ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన 'నీలిమేఘాలు' (1993) సంకలనం స్త్రీ శరీరాన్ని కవితా వస్తువుగా స్థిరపరచింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ప్రసవాన్నీ గర్భస్రావాన్నీ పురుషదృష్టి నుండి విడదీసి చూపాయి. అదే కాలానికి చెందిన ఓల్గా 'రాజకీయ కథలు' శరీరాన్ని అధికార సంబంధాల క్షేత్రంగా చిత్రించాయి. ఈ రచనల ప్రాముఖ్యం నిర్వివాదం. అయినా ఇవి ఎంచుకున్న బాధలను పరిశీలిస్తే, వాటిలో అధికభాగానికి బాహ్యకారణం ఉన్నది. భర్త, ఆసుపత్రి, సమాజం, మార్కెట్ అన్నవి ఆ కారణాలు. నిందించదగినవాడు ఉన్న బాధ కవితగా సులభంగా రూపొందుతుంది. దోషి లేకుండా నెలనెలా తిరిగివచ్చే బాధకు అటువంటి నిర్మాణం దొరకదు.

ఆ లోటును కొంత పూరించినది కవిత్వం కాదు, ఒక ఆరోగ్య గ్రంథం. హైదరాబాదు స్త్రీల బృందం వెలువరించిన 'సవాలక్ష సందేహాలు' (1991) స్త్రీల ఆరోగ్య సమస్యలను స్త్రీల వైపు నుండి వివరించింది. గ్రంథనామమే దాని దృక్పథాన్ని తెలుపుతుంది. సందేహం అజ్ఞానానికి గుర్తు కాదనీ, అడిగే హక్కనీ ఆ పేరు సూచిస్తుంది. దీనిని కేవలం కరపత్ర సాహిత్యంగా భావించి విమర్శకులు పక్కన పెట్టడం సమంజసం కాదు.

ఆంగ్లంలో హిలరీ మాంటెల్ ఆత్మకథ 'గివింగ్ అప్ ద ఘోస్ట్' (2003) పోలికకు ఉపకరిస్తుంది. ఆమె నొప్పిని వైద్యులు మానసిక సమస్యగా భావించి ఆ మందులే ఇచ్చారు. బోట్స్వానాలో ఉండగా వైద్యగ్రంథం చదివి ఆమె తన వ్యాధిని తానే గుర్తించారు. 27 ఏళ్ళకు గర్భాశయాన్ని, అండాశయాలను కోల్పోయారు. తరువాత కూడా వ్యాధి తిరిగి వచ్చింది. పేరు దొరికిన తరువాతనే ఆమె గతమంతా ఒక కథగా కూడుకున్నది.

5. పేరు లేని నొప్పి - మూల్యం:
పేరు దొరకని నొప్పి ఎక్కడికి చేరుతుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-4 (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు జరిగినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశం మొత్తం మీద సగానికి మించినవారు చెప్పిన కారణం 'అధిక ఋతుస్రావం లేదా నొప్పి'. స్రావాన్ని, నొప్పిని సర్వే ఒకే గడిలో ఉంచడం కూడా పై పదజాల సమస్యకు కొనసాగింపే. అనవసర గర్భసంచి తొలగింపులపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని ఆదేశించింది.

ఒంగోలు చుట్టుపక్కల పత్తితీతకు, మిరపకోతకు వెళ్ళే స్త్రీకి నెలలో రెండుమూడు రోజులు మంచాన పడడమంటే ఆ రోజుల కూలి పోవడమే. 'పిల్లలు పుట్టారు కదా, ఇక సంచితో పనేమిటి' అన్న వాదం ఆమెకు ఆర్థికంగా సబబుగా తోస్తుంది. కానీ ఎండోమెట్రియోసిస్ గర్భాశయం వెలుపలి వ్యాధి. సంచి తీసినా వెలుపలి కణజాలం మిగిలితే నొప్పి మిగలవచ్చు. అండాశయాలు కూడా తీసివేస్తే చిన్నవయస్సులోనే ముట్లుడిగి ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. దీనికి ముందే నొప్పి నివారణ మందులు, హార్మోను చికిత్స, అవసరమైతే ల్యాప్రోస్కోపీ ద్వారా ఆ కణజాలాన్ని తొలగించడం వంటి మార్గాలున్నాయి.

సాహిత్యం రోగనిర్ధారణ చేయజాలదన్న అభ్యంతరం సహజమైనది. అయితే ఈ వ్యాధిలో స్కానింగు సాధారణంగా ఉన్నంతమాత్రాన వ్యాధి లేదని చెప్పలేరు. 2022 నాటి ఐరోపా వైద్యసంఘం మార్గదర్శకాలు సైతం ల్యాప్రోస్కోపీని నిర్ధారణకు తప్పనిసరి ప్రమాణంగా పరిగణించడం మాని, లక్షణాలను బట్టి చికిత్స ఆరంభించే అవకాశాన్ని గుర్తించాయి. దీనివల్ల రోగి చెప్పే చరిత్రకు ప్రాధాన్యం మరింత పెరిగింది. 'కడుపునొప్పండీ' అని ఆగిపోయిన వాక్యం మాత్రకు దారి తీస్తుంది. 'పన్నెండేళ్ళుగా, ముట్టుకు రెండురోజుల ముందు మొదలై, నడుము నుండి తొడల్లోకి దిగి, పనికి పోనివ్వని నొప్పి' అన్న వాక్యం పరీక్షకు దారి తీస్తుంది.

6. ముగింపు:
లోధ్ర సీసా నొప్పిని అంగీకరించింది, కానీ వినలేదు. స్త్రీవాద కవిత శరీరాన్ని వినిపించింది, కానీ ఈ నొప్పి వద్ద ఎక్కువసేపు నిలవలేదు. ఆరోగ్య గ్రంథం ప్రశ్నలు నేర్పింది, కానీ సాహిత్య చరిత్రలో దానికి చోటు దక్కలేదు. ఒంగోలులో నేడు ప్రభుత్వ వైద్య కళాశాల, బోధనాసుపత్రి ఉన్నాయి. అక్కడి ఓపీ గదిలో వైద్యుని ఎదుట కూర్చున్న స్త్రీకి రెండు నిమిషాలలో తన పన్నెండేళ్ళ బాధను చెప్పుకోగల మాటలు కావాలి. ఆ మాటలు ఇళ్ళలో, పొలాల్లో ఇప్పటికే ఉన్నాయి. 'పిండినట్టు', 'మెలిపెట్టినట్టు', 'నడుము తెగిపోయినట్టు' అన్న ఉపమానాలను స్త్రీలు ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు. వాటిని సేకరించడం, ఏ ఉపమానం ఏ లక్షణాన్ని సూచిస్తున్నదో వైద్యులతో కలిసి గుర్తించడం తెలుగు పరిశోధకుల ముందున్న పని. ఆ పని ఆలస్యమయిన కొద్దీ 'సంచి తీయించుకున్నాను' అన్న వాక్యమే చాలామంది స్త్రీల కథకు ముగింపుగా మిగిలిపోతుంది.