పులి గీసిన పటం

పులి-మేక ఆట మీలో చాలామంది అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే ఉంటారు. పులి మేకల మీదుగా దూకి చంపుతుంది. మేకలు చంపలేవు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి, పులికి కదిలే చోటు లేకుండా చేయడమే వాటి గెలుపు. అమెరికాలో బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటల వ్యాపారం చూస్తుంటే నాకు ఆ పటమే గుర్తొస్తుంది.

ఈ ఆటలు తెలియనివారికి రెండు ముక్కలు. నలుగురైదుగురు చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. "తలుపు బద్దలు కొడతాను" అని ఒకరంటే, అది బద్దలైందో లేదో పాచికలు చెబుతాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ వ్యాపారం మొదలైంది. 1997లో దాన్ని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొంది. 1999లో ఆ సంస్థనే హాస్‌బ్రో కొంది. మనకు ఏ వనస్పతి అయినా డాల్డా అయినట్టు, ఇక్కడ చాలామందికి ఈ తరహా ఆట ఏదైనా 'డీ అండ్ డీ'యే.

2000లో విజర్డ్స్ ఓ తెలివైన పని చేసింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఓపెన్ సోర్స్ పద్ధతిలో, ఆట మూలసూత్రాలను ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చింది. చిన్న రచయితలు వందలకొద్దీ పుస్తకాలు రాశారు. ఉదారమే, కాదనను. కానీ వాటిలో చాలావాటికి అసలు పుస్తకం చేతిలో ఉంటేనే విలువ. 2023 జనవరిలో ఆ లైసెన్సును బిగించే ముసాయిదా బయటికి పొక్కింది: ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం వరకు వాటా ఇవ్వాలట. మేకలన్నీ ఒక్కటయ్యాయి. ఆటగాళ్ళు చందాలు మానేశారు. అదే నెల 27న సంస్థ వెనక్కి తగ్గి, మూలసూత్రాలను క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది.

అందరూ దాన్ని గెలుపన్నారు. నాకు సగం గెలుపే అనిపించింది. పులి ఆగింది గాని పటం పులిదే. ఆ నియమాల్లో పెద్ద భాగం కత్తికీ మంత్రానికీ సంబంధించింది. వాటితో ఏ కథ మొదలుపెట్టినా కొట్లాట వైపే ఒరుగుతుంది.

అసలైన పోటీ వేరే పటం గీసుకున్నవాళ్ళది. 'డ్రెడ్' (2005)లో పాచికలే లేవు. చెక్కముక్కలు పేర్చిన గోపురం నుంచి ఒక్కో ముక్క లాగాలి. కూలితే పాత్ర పోయినట్టే. భయాన్ని వర్ణించకుండానే వేళ్ళకు తెప్పిస్తుంది. జేసన్ మార్నింగ్‌స్టార్ 'ఫియాస్కో' (2009)లో కథ నడిపే పెద్దే లేడు. అత్యాశకు పోయి బోల్తాపడే మామూలు మనుషులే పాత్రలు. ఏవరీ ఆల్డర్ 'ద క్వైట్ ఇయర్' (2013)లో అందరూ కలిసి ఒకే కాగితం మీద ఊరి పటం గీస్తారు. ఒక్కో పేకముక్క ఒక్కో వారం. మన మాట లెక్కచేయలేదని అనిపిస్తే వాదించకూడదు; ఓ చిన్న బిళ్ళ తీసుకుని ముందు పెట్టుకోవాలి. మా ఇంట్లో ఆడిన రాత్రి ఊరికి బావి వచ్చింది, బడి వచ్చింది, మా మిత్రుడి ముందు అయిదు బిళ్ళలు చేరాయి. మన తెలుగు సంఘాల కార్యవర్గ సమావేశాలు చూసినవాళ్ళకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. ఈ మూడూ ఒక్క పూటలో ముగిసే ఆటలు. ఒకే పాత్రతో ఏళ్ళ తరబడి సాగే చెలిమి వీటిలో కుదరదు. కొత్త ఊరు చేరినవాడికి ఆడేందుకు నలుగురు దొరికేది డీ అండ్ డీ పేరు చెబితేనే. కొన్ని చిన్న ఆటల తిరుగుబాటు ముందుమాటతో సరి. లోపల నియమాలు పాతవే. చిన్నవాడి పుస్తకమని మెచ్చుకుంటే అది జాలి అవుతుంది, విమర్శ కాదు. అట్ట మీద పేరు చెరిపేసి ఆడితే, ఈ ఆట నాచేత ఇంతకుముందు చేయని పని ఏం చేయించింది? నేనడిగేది అదొక్కటే.

పరాయి దేశంలో కూర్చుని తెలుగులో రాసుకునే మనల్నీ ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండును.