పుండ్లు దాచని పనితనం

సిలువ మీది చేతుల దగ్గర మొదలుపెట్టాలి. మేకులు దిగిన అరచేతుల నుంచి పది వేళ్లూ పైకీ పక్కలకీ విచ్చుకుని, కొంకర్లు తిరిగి, అలాగే బిగుసుకుపోయాయి. ఒంటి బరువుకు అడ్డకొయ్య రెండు కొసలూ కిందికి వంగాయి. తల ఛాతీ మీదికి వాలింది, పెదవులు నీలం తిరిగాయి. పసుపూ ఆకుపచ్చా కలిసిన శవం రంగు చర్మం. కొట్టినప్పుడు విరిగిన ముళ్లు ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. ఒక్కో ముల్లు చుట్టూ ఒక్కో పుండు. ఛాతీ మీద, తొడల మీద, చేతుల మీద లెక్కకందనన్ని. చిత్రకారుడు ఒక్కదాన్నీ తేల్చేసి వెళ్లిపోలేదు. వెనక అంతా చీకటి, చూపు పక్కకు తిప్పుకుందామంటే వేరే ఏమీ లేదు.

ఐజెన్‌హైమ్ బలిపీఠ చిత్రం అని దీనికి పేరు. 1512, 1516 సంవత్సరాల మధ్య జర్మన్ చిత్రకారుడు మథియాస్ గ్రూనెవాల్డ్ లిండెన్ చెక్క పలకల మీద వేశాడు. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కోల్మార్ పట్టణంలో, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది. సిలువ దృశ్యం ఒక్కటే దాదాపు 2.7 మీటర్ల ఎత్తు, 3 మీటర్లకు పైగా వెడల్పు. గ్రూనెవాల్డ్ అన్నది అసలు అతని పేరే కాదు. అతను మథిస్ గోథార్ట్ నిథార్ట్. 1675లో జాండ్రార్ట్ అనే రచయిత పొరపాటున రాసిన పేరు అతుక్కుపోయింది. ఇంత పని చేసినవాడి పేరు శతాబ్దాల పాటు ఎవరికీ సరిగ్గా తెలియకపోవడం చిత్రమే. అతనికి దాని గురించి పెద్ద పట్టింపు ఉండేదని బొమ్మ చూస్తే అనిపించదు.

ఐజెన్‌హైమ్ కోల్మార్‌కు దక్షిణాన ఉన్న ఊరు. అక్కడి మఠం అంతోని సభది. మన గుళ్లలో బాలయేసును ఎత్తుకుని కనిపించే పాదువా అంతోనివారు వేరు. ఈయన ఈజిప్టు ఎడారిలో ఒంటరిగా బతికిన తొలికాలపు సన్యాసి. ఆయన పేరిట 11వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో పుట్టిన ఆ సభకు రోగుల సేవే వృత్తి. అందులోనూ 'అంతోని అగ్ని' అనే జబ్బు వాళ్ల ప్రత్యేకత. రై ధాన్యం కంకులకు పట్టిన ఎర్గాట్ బూజు పిండిలో కలిసి రొట్టెలోకి వచ్చేది. మన సజ్జ కంకులకు వచ్చే తేనెబంక తెగులూ ఈ జాతి బూజు పనే. ఆ రొట్టె తిన్నవాళ్లకు కాళ్లూ చేతులూ నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. నెత్తురు అందక వేళ్లు నల్లబడి కుళ్లి రాలేవి. కొందరికి మూర్ఛలు, భ్రమలు. తప్పు రొట్టెదేనని తేలడానికి 17వ శతాబ్దం దాకా పట్టింది. అంతవరకు ఇది దేవుని శిక్ష అన్నారు, అంతోనివారికే కోపం వచ్చి పంపారనీ అన్నారు.

మఠంలోకి చేరినవాళ్లకు మంచి పిండితో రొట్టె పెట్టేవారు. పంది కొవ్వులో మూలికలు కలిపిన లేపనం రాసేవారు, పునీతుని అస్థికల మీద పోసిన ద్రాక్షారసం తాగించేవారు. కుళ్లిన అవయవాన్ని తీసేయక తప్పకపోతే కోతకు మనిషి ఉండేవాడు. నయమైనవాళ్లకు ఎక్కువ మేలు చేసింది ఆ మంచి రొట్టే అయివుండాలి, పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియకపోయినా. మఠాధిపతి గీడో గ్వెర్సి ఈ చిత్రం వేయించింది అలాంటి చోట బలిపీఠం మీద పెట్టడానికి.

ఇది తెలిశాక ఆ సిలువ మళ్లీ చూడాలి. ఎదురుగా మోకరించినవాడి ఒంటి మీద ఉన్న పుండ్లే, ఆ రంగే, ఆ కొంకర్లే క్రీస్తు ఒంటి మీద ఉన్నాయి. 'ఆయన మన శ్రమల్లో పాలు పంచుకున్నాడు' అని ప్రసంగాల్లో వింటుంటాం. విని విని ఆ మాట నున్నబడిపోయింది. గ్రూనెవాల్డ్ దాన్ని చర్మం మీదికి తెచ్చి, రోగి తన చెయ్యీ ఆ చెయ్యీ పోల్చి చూసుకునేలా చేశాడు. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద వచ్చే యేసుకు సిలువ మీద కూడా జుట్టు చెదరదు. దానికి అలవాటుపడిన కంటికి ఈ బొమ్మ మొదట దౌర్జన్యంగా తోస్తుంది.

నిర్మాణంలో ఇంకో ఆలోచన ఉంది. ఈ బలిపీఠ చిత్రం తెరిచి మూసే రెక్కలతో, బీరువా తలుపుల్లా పని చేసేది. మూసి ఉన్నప్పుడు కనిపించేది సిలువ. సిలువ చిత్రం నడిమధ్యలో ఉండదు, కాస్త కుడికి జరిగి ఉంటుంది. తలుపుల మధ్య గీత క్రీస్తు శరీరాన్ని చీల్చదు, చేతి మీదుగా పోతుంది. పండుగ రోజు రెక్కలు విప్పితే ఆ చెయ్యి ఒంటి నుంచి విడిపోయేది. కింది పీఠం పలకలో క్రీస్తును సమాధికి చేర్చే దృశ్యం ఉంది. దాన్ని విప్పినప్పుడు కాళ్ల దగ్గర విడేది. చేతులూ కాళ్లూ పోగొట్టుకున్నవాళ్ల ముందు, అవయవం పోయిన దేవుడు. చిత్రకారుడు ఇది కావాలనే చేశాడని కొందరు పండితులు రాశారు. వడ్రంగం లెక్కల్లో అలా కుదిరి ఉండొచ్చని వాదించేవాళ్లకీ చోటుంది. నాకు మొదటివాళ్ల మాటే నచ్చుతుంది. సిలువను నడిమధ్య నుంచి జరపడానికి ఆ కాలపు చిత్రకారుడికి గట్టి కారణమే ఉండాలి.

చుట్టూ ఉన్నవాళ్లను చూస్తే పరిశుద్ధత గురించి గ్రూనెవాల్డ్ ఏం అనుకున్నాడో తెలుస్తుంది. ఎడమ పక్క తెల్లని ముసుగులో సొమ్మసిల్లుతున్న మరియమాతను యోహాను పట్టుకున్నాడు. మగ్దలేనే మరియ మోకాళ్ల మీద, వేళ్లు వేళ్లలో పెనవేసి, వెనక్కి వంగి ఏడుస్తోంది. కొలతల్లో ఆమె క్రీస్తు కంటే చాలా చిన్నది, అయినా కన్ను క్రీస్తు తర్వాత ఆమె దగ్గరికే పోతుంది. కుడి పక్క బాప్తిస్మమిచ్చు యోహాను. సిలువ నాటికి ఆయన చనిపోయి చాలా కాలమైంది, చరిత్ర ప్రకారం అక్కడ ఉండే అవకాశమే లేదు. ఒక చేతిలో తెరిచిన పుస్తకం, రెండో చేతి చూపుడువేలు క్రీస్తు వైపు. ఆ వేలు ఉండాల్సిన దానికంటే పొడవు. ఆయన ముఖంలో తన గొప్ప అనేది ఎక్కడా లేదు, శరీరమంతా ఆ వేలికి ఆధారంగా నిలబడినట్టుంది. ఇరవయ్యో శతాబ్దపు వేదాంతి కార్ల్ బార్త్ ఈ చిత్రం నకలును తన రాతబల్ల పైన పెట్టుకున్నాడు. వేదాంతి చేయాల్సిన పని ఆ వేలు చేస్తున్న పనే అని ఆయన అభిప్రాయం.

రెక్కలు విప్పితే ఒక్కసారిగా వెలుగు. మంగళవార్త, దేవదూతల సంగీతం, మరియమాతా బిడ్డా, పునరుత్థానం. దేవదూతల సంగీతం విషయంలో నాకు కాస్త పేచీ ఉంది. చిన్న మండపంలో అంతమందిని కుక్కడం వల్ల ఆ మూల ఊపిరాడదు. దాని పక్కనే ఉన్న వస్తువులు మాత్రం నాకు ఈ చిత్రంలో ఎంతో ఇష్టమైనవి. బిడ్డ ఉయ్యాల, స్నానపు తొట్టి, తువ్వాలు, రాత్రి పూట వాడే మలపాత్ర. పరలోక సంగీతం మోగుతున్న చోట మలపాత్ర పెట్టడానికి ధైర్యం కావాలి, ఆసుపత్రి తెలిసి ఉండాలి. తెల్లవారగానే అలాంటి తొట్టెలూ పాత్రలూ మోసి కడిగే సహోదరులకు ఇక్కడ తమ పని కనపడి ఉంటుంది. బిడ్డను చుట్టిన గుడ్డ చిరుగులు పడి ఉంది. సిలువ మీది నడుము గుడ్డ కూడా అలాంటి చిరిగిన గుడ్డే.

పునరుత్థానంలో క్రీస్తు సమాధి నుంచి పైకి లేచి, పసుపు నుంచి నారింజకు, ఎరుపుకు, అంచుల్లో నీలానికి మారే పెద్ద వెలుగు వలయంలో తేలుతున్నాడు. వెంట లేచిన సమాధి వస్త్రం పైకి వెళ్లే కొద్దీ రంగు మారుతుంది. ముఖం గీతలు వెలుగులో కరుగుతున్నాయి. ఆ చర్మం మీద పుండ్లు లేవు. ముళ్ల గాట్లన్నీ పోయాయి, మేకుల గాయాలు మాత్రం మిగిలాయి, ఆ రెండు చేతులూ ఎత్తి చూపిస్తున్నాడు. జబ్బును తుడిచేసి గాయాన్ని ఉంచడం చిత్రకారుడి నిర్ణయం. శ్రమలోనే పవిత్రత ఉందని చెప్పే బొమ్మ అయితే ఆ పుండ్లను కూడా ఆభరణాల్లా మెరిపించి ఉండేవాడు.

రెండోసారి విప్పితే లోపల నిక్లాస్ హాగెనావర్ చెక్కిన కొయ్య విగ్రహాలు, సింహాసనం మీద అంతోనివారు. నాణ్యమైన పనే, 2022లో ముగిసిన శుభ్రపరిచే పనితో వాటి రంగులు తేటపడ్డాయి కూడా. అయినా కన్ను పక్క పలకల మీదికే పరిగెడుతుంది. ఒకదాంట్లో దయ్యాలు అంతోనివారిని జుట్టు పట్టి లాగి, దుడ్డుకర్రలతో కొడుతున్నాయి. ఎడమ మూల ఒంటినిండా బొబ్బలతో, ఉబ్బిన పొట్టతో, బాతు పాదాలతో ఒక రోగి కూలబడి ఉన్నాడు. కుడి మూల ఒక కాగితం ముక్క. దెబ్బలు తిన్నాక అంతోనివారు యేసును అడిగిన ప్రశ్న లాటిన్‌లో అక్కడ రాసి ఉంది, ఇంతసేపూ ఎక్కడున్నావు స్వామీ అన్న అర్థంలో. అథనాసియస్ రాసిన అంతోనివారి జీవిత చరిత్ర ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు దొరికింది, యేసు అక్కడే ఉండి చూస్తూనే ఉన్నాడని. గ్రూనెవాల్డ్ జవాబు రాయలేదు. పైన ఆకాశంలో, చాలా దూరంగా, వెలుగులో చిన్నగా తండ్రిదేవుణ్ణి చూపించి వదిలాడు. రోగుల కోసం కట్టిన బలిపీఠం మీద ఫిర్యాదుకు కూడా చోటివ్వడం వేయించినవాళ్ల పెద్ద మనసు. పేతురు మొదటి పత్రిక చదివి శ్రమ వస్తే సణగకూడదనే పాఠం ఒక్కటే పట్టుకునే బోధకులు ఈ పలక ముందు కాసేపు నిలబడాలి.

రెండో పలకలో అంతోనివారూ సన్యాసి పౌలూ ఎడారిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు, కాకి రొట్టె తెస్తోంది. వాళ్ల కాళ్ల దగ్గర మొక్కలున్నాయి. ఆకు ఆకుకూ తేడా తెలిసేలా వేయడం వల్ల వృక్షశాస్త్రజ్ఞులు వాటిలో చాలావాటిని గుర్తుపట్టారు. ఇసబ్గోలు కుటుంబపు మొక్క, వెర్బీనా, గసగసాల జాతి ఎర్రపువ్వు. అంతోని అగ్నికి మఠంలో వాడే మందుల్లోకి ఇలాంటి మొక్కలే వెళ్లేవి. ఆ పక్కనే, అంతోనివారు కూర్చున్న రాతికి ఆనించి, గ్వెర్సి వంశ చిహ్నం ఉంది.